మాట పోయి పద్యం మిగిలిన కార్తీకం

మోకాళ్ల నొప్పులకు మంచిదని పక్కింటి కోడలు పోయిన నెల ఒక పొద్దున వావిలాకు ఉడికించి, ఆ నీళ్లు బకెట్లో పోసి, పైన పళ్లెం మూతపెట్టి మా గుమ్మంలో ఉంచి వెళ్లింది. మూత తీశానో లేదో ఆ చేదు పచ్చివాసన, మట్టీ పొగా కలిసినట్టుండే ఆవిరి ముఖానికి కొట్టింది. కాళ్లు ముంచుకోవడం మరిచిపోయి బకెట్టు ముందు అట్లాగే కూర్చుండిపోయాను. ఎనభై ఏళ్ల కిందట మా ఇంటి పంచలో నెలల తరబడి ఉడికింది ఈ ఆకే. ఈ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ, ఇంట్లో ఉండాల్సిన వాళ్లంతా ఉన్నారో లేదో అని తల తిప్పి లెక్క చూసుకుంటాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. తిరుపతిలో కూరగాయల అంగళ్ల వెనక సందులో మాది పెంకుటిల్లు. ముందు అరుగు, నడుమ పంచ, వెనక దొడ్లో ఒక నిమ్మచెట్టు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకవైపు బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగేవి, వాటి పొగ మా సందు చివరిదాకా వచ్చి తడి గోడలకు అంటుకునేది. దీపావళికి చేసిన అత్తిరసాలు డబ్బా అడుగున బెల్లపు జిగురై మిగిలే వేళకు కొండ మీదికి మబ్బు దిగేది. దిగిందంటే వారం పది రోజులకు గానీ కొండ కనిపించేది కాదు. అడవి నుంచి ఆడవాళ్లు గంపల్లో తెచ్చే సీతాఫలాలను అమ్మ బియ్యం కుండలో మాగేస్తే, ఏది పండిందో చూడాలని మేము పూటకు నాలుగుసార్లు చేతులు పెట్టి నొక్కి, అన్నిటికీ గాయాలు చేసి తన్నులు తినేవాళ్లం. ఆరని బట్టలు పొయ్యి పైన దండెం మీద వేలాడి వేలాడి పావడాలన్నీ పొగ వాసన కొట్టేవి. బయట ఆడుకునే దారి లేక అరుగు మీదే అచ్చనగండ్లు. నేను ఐదు రాళ్లు ఎగరేస్తే, నాలుగేళ్ల మా చెల్లెలు అలివేలు ఒకే ఒక రాయి ఎగరేసి, అది కింద పడ్డాక రెండు చేతులా పట్టుకుని, గెలిచానని అరిచేది.

మా తాత, అంటే మా నాయనను కన్న తండ్రి, ముప్పై ఏళ్లు పల్లె బడుల్లో చదువు చెప్పి, అవ్వ పోయాక మా ఇంటికి వచ్చి చేరినవాడు. పొడుగాటి మనిషి, చెవుల మీద వెంట్రుకలు, ఎప్పుడూ ఉతికిన పంచె. తెల్లారి లేస్తే పద్యం, వేపపుల్ల నములుతూ పద్యం, సంగటిలోకి ఊరిబిండి పచ్చడి రుచిగా కుదిరితే అమ్మను మెచ్చుకుంటూ అప్పటికప్పుడు కట్టిన పద్యం. చదివేటప్పుడు కుడి అరచేత్తో తొడ మీద తట్టేవాడు. ఆ తట్టు విని సందులో ఆవులు కూడా తల ఎత్తేవని మా అమ్మ నవ్వేది. భుజానికి కావి రంగు గుడ్డసంచి ఒకటి ఉండేది. కాగితానికి కరువు కాలం కనుక పెళ్లి పత్రికల వెనకా, నోటీసుల వెనకా తాను రాసుకున్న పద్యాలన్నీ అందులో కుక్కి పెట్టుకునేవాడు. ఆ సంచిని ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. నా ఆరో ఏట పద్యం నేర్పడం మొదలుపెట్టి, తొమ్మిదేళ్లు వచ్చేసరికి నా నోట వంద పద్యాలు నిలబెట్టాడు. పద్యం ఒప్పజెప్పగానే ప్రతిపదార్థం, తర్వాత తాత్పర్యం చెప్పాలి. ఎక్కడ తడబడినా మళ్లీ మొదటికి రావాలి.

వచనమంటే మాత్రం ఆయనకు చిన్నచూపు. ఒకరోజు ఏమీ తోచక నేను పలక మీద ఇట్లా రాశాను: మబ్బు దిగి కొండ కనపడలేదు. అలివేలు కొండ ఎక్కడికి పోయిందని అడిగింది. అమ్మ ఊరికి పోయిందని చెప్పింది. అలివేలు నమ్మింది. రాసి మురిసిపోతూ తాతకు చూపించాను. ఆయన చదివి, తడిగుడ్డ తీసుకుని పలకను నిదానంగా ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచేశాడు.

"ఇది అంగట్లో మాట్లాడుకునేది గదా పాపా. దీనికి పలకెందుకు? వచనం కూటికీ నీళ్లకీ పనికొస్తాది. తినినాక మర్చిపోతాం. పద్యం అట్ట గాదు. నువ్వు దాన్ని మర్చిపోయినా అది నిన్ను మర్చిపోదు."

"ఇప్పుడు నువ్వు సెప్పింది గూడా వచనమే గదా తాతా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నాకు రోషం వచ్చింది. ఆ వారమంతా కొత్త పద్యం ఒక్కటి కూడా నేర్చుకోలేదు. కార్తీకమాసంలో శ్రీకాళహస్తిలో పద్యాలు చదివేవాళ్లు కొందరు ఏటా ఒకచోట చేరేవారు. ఆ ఏడు నన్ను తీసుకుపోయి అందరి ముందు చదివించాలని తాత ఆశ. ప్రయాణం పొద్దున ఒప్పజెప్పమంటే మూడో పాదం దగ్గర ఆగిపోయాను. కావాలనే ఆగానో, నిజంగానే రాలేదో ఇప్పుడు చెప్పలేను. తాత అలివేలును ఎత్తి భుజాన వేసుకుని, "పద, నువ్వు రా" అని బయలుదేరాడు. సందు మలుపు దాకా అది నాకేసి చెయ్యి ఊపుతూనే ఉంది. నేను ఊపలేదు.

మరునాడు సాయంత్రానికి రావాలి. రాలేదు. వాన పడుతూనే ఉంది. ఏరు పొంగి ఉంటుంది, అక్కడే ఎవరింట్లోనో నిలిచిపోయి ఉంటారని నాయన అన్నాడు గానీ అమ్మ వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. మూడో రోజు పొద్దున, నాయన తాను పనిచేసే ఇత్తడి సామాన్ల అంగడికి వెళ్లిపోయాక, నేను అరుగు మీద కూర్చుని ఉండగా సందు మలుపులో తాత కనిపించాడు. గొడుగు లేదు. పంచె మోకాళ్ల దాకా బురద. ఒక కాలు ఈడుస్తూ గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నేను ఆయన్ను చూడలేదు, ఆయన వెనక చూశాను. అలివేలు దాక్కుని ఉంటుంది, ఇప్పుడే ఎగురుతూ బయటికి వస్తుంది అనుకున్నాను. సందు చివరిదాకా వానే తప్ప ఎవరూ లేరు.

ఆయన అరుగు దాకా వచ్చి కూర్చున్నాడు. నోరు తెరిచాడు. కుడివైపు పెదవి జారి ఉంది. ఏదో చెప్పబోయి, చెప్పలేక, నా వైపు అట్లా చూస్తూనే పక్కకు ఒరిగిపోయాడు.

నా కేకకు అమ్మ పరుగెత్తుకు వచ్చింది. ఎదురింటి చెంగమ్మ వచ్చింది. చెంగమ్మ మా సందులో బొరుగులు అమ్మే గట్టి మనిషి, ఆమే తాతను చంకల కింద పట్టుకుని పంచలోకి తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది. భుజాన ఉన్న సంచి తీసి గోడ కొయ్యకు తగిలించింది. తాతకు తెలివి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాడు. కుడి చెయ్యి మాత్రం వేరే ఎవరిదో పక్కన పడి ఉన్నట్టు పడి ఉంది.

"మామా, పాప యాడ?" అని అమ్మ ఆయన ముఖం మీదికి వంగి అడిగింది. "అలివేలు యాడుండాది మామా? ఎవురికాడన్నా ఇడిసిపెట్టినావా? సెప్పు మామా!"

 మొదట తాత గొంతులోంచి గొరగొరమని శబ్దం వచ్చింది. తర్వాత, ఒక్క అక్షరం కూడా చెడకుండా, ఎప్పటి రాగంలోనే ఇది వచ్చింది:

ఏరు పొంగి వచ్చె నెల్లలు దాటుచు
పడవ లేదు దాట బాట మునిగె
చేయి వదలకమ్మ చిన్నారి నా తల్లి
గట్టు చేరుదాక గట్టిగాను

అమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

కబురు అంది నాయన తలమీద గుడ్డ కూడా లేకుండా తడిసి వచ్చాడు. ఆయనకు చదువు తక్కువ; పద్యం చెవిన పడడమే గానీ అర్థం వెంటనే అందేది కాదు. రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ తాత అదే పద్యం చదివాడు. అప్పుడు నాయన నా రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"నీకు నేర్పినాడు గదా. నువ్వు సెప్పు పాపా, తాత ఏమంటా ఉండాడు?"

పంచ నిండా జనం. అందరూ నా నోటివైపు చూస్తున్నారు. భయంలో నాకు తెలిసిన పని ఒక్కటే నేను చేశాను. రోజూ తాత ముందు నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడి అర్థం చెప్పాను. "ఏరు పొంగింది. హద్దులు దాటి వచ్చింది. దాటేదానికి పడవ లేదు. దోవ మునిగిపోయింది. చెయ్యి వదలొద్దు చిన్నారీ, గట్టు చేరే దాకా గట్టిగా పట్టుకో." చెబుతూ ఉండగానే నా మాటలు నాకే చల్లగా తగిలాయి. ఎవరో ఆడమనిషి "అయ్యో తల్లీ" అంది. నాయన అట్లాగే వెనక్కి తిరిగి, వానలో స్టేషను వైపు పరుగెత్తాడు, శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఏటి ఒడ్డున బిడ్డను వెతకడానికి. ఆయన వెళ్లాక తాత ఎడమ చేత్తో మంచం పట్టెను దబదబ బాదాడు. వద్దు అంటున్నాడో, త్వరగా పొమ్మంటున్నాడో ఎవరికీ తెలియలేదు.

వైద్యుడు వచ్చి నాడి చూసి, పక్షవాతం అని, వావిలాకు కాపడం పెట్టమని చెప్పి వెళ్లాడు. పొయ్యి మీద కుండ ఎక్కింది. జనం పలచబడ్డారు. అమ్మ మూల కూర్చుని అలివేలు చిన్న పావడాను మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం చేస్తోంది. ఆమె ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. నేను చెప్పిన మాటలతోనే చెల్లెలు నీళ్లలో పడిపోయినట్టు, నేను తాత్పర్యం చెప్పకపోతే ఇంకా ఎక్కడో ఆడుకుంటూ ఉండేదన్నట్టు నాకు తోచింది. చెయ్యి కూడా ఊపలేదు కదా అని గుర్తొచ్చింది.

మధ్యాహ్నం దాటాక తాత పెదవులు తడుపుకుంటూ చెంబువైపు చూశాడు. చెంగమ్మ చూసి, "నీళ్లు కావాల్నా పెద్దాయనా?" అంది.

తాత నోరు తెరిచాడు. "ఏరు పొంగి వచ్చె" అని మొదలైంది. నాలుగు పాదాలూ చివరిదాకా చదివాడు. చెంగమ్మ పోసిన నీళ్లు గడగడా తాగాడు. కాసేపటికి కాపడం వేడి తగిలి ఉలిక్కిపడితే చెంగమ్మ, "కాలిందా సామీ?" అంది. మళ్లీ అదే పద్యం. అదే ఏరు, అదే పడవ.

నేను మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.  "అమ్మా, ఆ పద్యం ఏరు గురించి కాదమ్మా" అన్నాను. "నీళ్లడిగినా అదే సెప్తాండాడు. కాలిందా అంటే అదే సెప్తాండాడు. అది నాకు మొట్టమొదట నేర్పిన పద్యం, పొద్దున బయంలో తట్టలా. తాత బళ్లో పిల్లకాయలందరికీ మొట్టమొదట అదే నేర్పినాడంట, తనే కట్టి. ఆయనకు మాటలు రావడంలే, అందుకే అదొస్తా ఉండాది."

అమ్మ తల ఎత్తింది. "అయితే పాప?" అంది.

 పద్యం అబద్ధమని తెలిశాక ఏరు ఒక్కటే కాదు, లోకమంతా తెరుచుకుంది. స్టేషను, రైలు, జనం, బావులు. ఎక్కడైనా ఉండవచ్చు. తాత నన్నే చూస్తున్నాడు. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఎడమ చెయ్యి మెల్లగా లేచి, గోడవైపు చాచి, మళ్లీ పడిపోయింది. పొద్దుటి నుంచీ ఆ చెయ్యి అట్లా లేస్తూనే ఉందని, మేమంతా ఆయన నోటినే చూస్తూ చేతిని చూడలేదని అప్పుడు తట్టింది. గోడకు ఆయన సంచి వేలాడుతోంది. పద్యాల సంచి. పద్యాలు తప్ప అందులో ఇంకేం ఉంటాయని ఎవరూ దాని వంక చూడలేదు.

జీవితంలో మొదటిసారి దాన్ని ముట్టుకున్నాను. తడిసి బరువెక్కి ఉంది. కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని సిరా కలిసిపోయింది. ఒక్కొక్కటే ఊడదీసి పంచలో పరిచాను. సీసపద్యాలు, కందాలు, ఆటవెలదులు, సగం పద్యాలు. వాటి నడుమ, నాలుగు మడతలు పెట్టిన, గీతలు కొట్టిన పుస్తకం నుంచి చించిన కాగితం. పెన్సిలు రాత కనుక కరగలేదు. పాదాలు లేవు. అంచు నుంచి అంచు దాకా వంకరగా రాసుకుపోయింది. పైకి చదివాను.

"అలివేలు వాళ్లమ్మకు రాసేది. నీ బిడ్డ మా ఇంట్లో ఉండాది. రేణిగుంట టేసను ఎనకాల రైలోళ్ల ఇండ్లలో కడాకరి ఇల్లు. నిన్న రైల్లోనే జరం వచ్చింది. వానలో తీసకపోవద్దని నేనే పెద్దాయన్ని ఒప్పించినాను. గంజి తాగింది. అమ్మ కావాలని ఏడస్తా ఉండాది. నువ్వు రా. వచ్చేటప్పుడు ఎండు పావడా తీసుకురా. బయపడొద్దు, నాకూ బిడ్డలుండారు. రాహేలమ్మ."

అమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుంది. ఆమెకు చదవడం రాదు. అయినా కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "మళ్లీ సదువు" అంది. చదివాను. "బిడ్డ ఉండాది అనే కాడ మళ్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. అప్పుడు ఏడ్చింది.

చెంగమ్మ కొడుకు జట్కా పిలుచుకొచ్చాడు. అమ్మ ఎండు పావడా గుండెకు పట్టుకుని, చెంగమ్మను తోడు తీసుకుని రేణిగుంటకు బయలుదేరింది. నాయనకు కబురు అందించే దారి లేదు. ఆయన శ్రీకాళహస్తి పోవడానికి రేణిగుంటలోనే రైలు మారి ఉంటాడు. బిడ్డ పడుకున్న ఇంటికి వంద గజాల దూరంలో, ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ బిడ్డ శవం ఏ ఒడ్డుకు చేరిందో అనుకుంటూ రైలు కోసం చూసి ఉంటాడు. 

తాతా నేనూ మిగిలాం. చెంగమ్మ కోడలు పొయ్యి చూసుకుంటోంది. చీటీ ఆయన ముఖం ముందు పట్టుకుని నేను మెల్లగా చదివాను. తాత కళ్లు మూసుకుని విన్నాడు. ఎప్పుడైనా ఏదైనా చదివి వినిపిస్తే తట్టడం ఆయన అలవాటు కదా, ఎడమ చెయ్యి పైకి లేచింది. ఎక్కడ తట్టాలో దానికి దొరకలేదు. కాసేపు గాలిలో వెతికి, నెమ్మదిగా దిగి, ఆ కాగితం మీద వాలి అక్కడే ఉండిపోయింది. నాకు అప్పుడే అంతా అర్థమైందని చెప్పను. తొమ్మిదేళ్ల పిల్లను. కానీ ఒక్కటి మాత్రం ఆ పూటే తెలిసింది. తాత పద్యం ఏ ఏటికైనా, ఏ చిన్నారికైనా సరిపోతుంది. అందుకే అది మమ్మల్ని మోసం చేసింది. 'నీ బిడ్డ మా ఇంట్లో ఉండాది' అనే మాట లోకం పుట్టిన తర్వాత ఆ ఒక్క రోజు, ఆ ఒక్క తల్లికి చెప్పడానికే పుట్టింది.

జ్వరంతో ఉన్న బిడ్డను చలిలో కదిలించలేక ఆ రాత్రి వాళ్లు అక్కడే ఉండి, మరునాడు పొద్దున వాన తెరిపి ఇచ్చాక వచ్చారు. జట్కాలోంచి మొదట దిగింది అమ్మ కాదు, బొద్దుగా, నల్లగా, జుట్టు బిగించి ముడి వేసుకున్న ఒక ఆడమనిషి. ఆమె భుజం మీద దుప్పటి మూట. ఆ మూటలోంచి అలివేలు తల. రాత్రంతా నిద్రలేని అమ్మ కునికిపాట్లు పడుతుంటే తానే ఎత్తుకుని వచ్చానని ఆమె చెప్పింది. రాహేలమ్మ భర్త పట్టాలు చూసుకునే కూలి. ఆమె మిషను బడిలో నాలుగు తరగతులు చదువుకుంది. తిరిగి వస్తున్న సాయంత్రం రేణిగుంటలో తిరుపతి బండి తప్పిపోయి, ఒళ్లు కాలిపోతున్న బిడ్డను పంచెతో కప్పుకుని తాత స్టేషను గోడవారన కూర్చుని ఉంటే, చూసి ఇంటికి పిలుచుకుపోయింది. మరునాడు పొద్దున చీటీ తీసుకుని బయలుదేరేదాకా ఆయన మాట బాగానే ఉందట. లోపలికి రావడానికి సందేహించి ఆమె అరుగు దగ్గరే ఆగిపోతే, మా అమ్మ చెయ్యి పట్టుకుని పంచలోకి తెచ్చింది.

తాత ఆమెను గుర్తుపట్టాడు. లేవబోయాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఏం వస్తుందో మా అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. "ఏరు పొంగి" అనే రెండు మాటలు రాగానే ఎడమ చేత్తో తన నోరు తానే గట్టిగా మూసుకున్నాడు. అంత సిగ్గుపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రాహేలమ్మ ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "ఉండనీ పెద్దాయనా, ఎందుకు మూసుకుంటావు? పద్యం బాగుండాది, సెప్పు" అంది.

ఆ మధ్యాహ్నం, మూడో ఝాము వేళకు నాయన వచ్చాడు. నడుము దాకా బురద ఎండి తెల్లబడింది. సందు మలుపులోనే ఆగిపోయి, ఇంటివైపు అడుగు వేయలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏటి ఒడ్డున ఎవరో ఒక చిన్న గుడ్డపీలిక చూపించారట. అది తన బిడ్డదో కాదో చెప్పలేకపోయాడట. బిడ్డ ఏ రంగు పావడా కట్టుకుని పోయిందో తనకు తెలియదని అక్కడ తెలిసిందట. నేను పరుగెత్తి వెళ్లి, "నాయనా, అలివేలు ఇంట్లో ఉండాది" అన్నాను. ఆయనకు వినపడలేదు. "అలివేలు ఇంట్లో ఉండాది, గంజి తాగతా ఉండాది" అన్నాను. ఆయన అక్కడే బురదలో కూలబడి, నా పావడా కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకున్నాడు. నేను, "నేను అర్థం తప్పు సెప్పినాను నాయనా" అన్నాను.

"నువ్వు సెప్పింది తప్పు గాదు పాపా" అన్నాడు. "పద్యంలో ఉండేదే సెప్పినావు. మీ తాత మనసులో ఉండేది దాంట్లో లేదు, అంతే."

తర్వాత నెలల తరబడి వావిలాకు ఉడికింది. మాటను పుట్టించే చోటు ఒకటి, కంఠస్థం దాగే చోటు ఒకటి అని, ఒకటి చెడినా రెండోది నిలవవచ్చని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరు నాకు చెప్పాడు. అప్పట్లో మాకు తెలిసిందల్లా తాతకు వంద పద్యాలు వస్తాయి, 'నీళ్లు' అనడం రాదు అనే. పొద్దున బడికి పోయే ముందు, వచ్చిన తర్వాత, నేను పలక పట్టుకుని ఆయన ముందు కూర్చునేదాన్ని. పాఠం తిరగబడింది. "నీళ్లు" అని రాసి చెంబు చూపించేదాన్ని. ఆయన నోరు తిప్పేవాడు, చెమట పట్టేది, పద్యం దూకి వచ్చేది, ఇద్దరం అది అయిపోయే దాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. మాఘమాసంలో ఒకరోజు, ఎండలో అరుగు మీద కూర్చుని ఉండగా, "నీ... ళ్లు" అన్నాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. ఆయనకు దాహం లేదు. అయినా తాగాడు.

ఇరవై ముప్పై మాటలు కూడాయి. వాక్యం పూర్తిగా ఎప్పుడూ రాలేదు. కానీ సాయంత్రం కాగానే పలక తెచ్చి నా ఒళ్లో పెట్టి, వేలితో సందు చూపించేవాడు. ఈ రోజు ఏం జరిగిందో రాయమని. ఎవరింట ఆవు ఈనింది, చెంగమ్మ ఎవరితో పోట్లాడింది, కొండ కనిపించిందా లేదా. రాసి చదివేదాన్ని. రెండేళ్లు, ఆయన పోయే దాకా, అంతే. ఒక్కరోజు కూడా తుడిచెయ్యలేదు. మరునాడు చోటు కోసం నేనే తుడుచుకునేదాన్ని. నేను తర్వాత ఏ పత్రికకు ఏం రాసినా, అదంతా ఆ అరుగు మీద మొదలైన రాతే. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ, ఎక్కడో ఎవరో ఈ మాట కోసం కాచుకుని ఉన్నారేమో, తప్పు చెబితే ఏ ఏటివైపు పరుగెడతారో అనే బెదురు కూడా అప్పటిదే. అది నన్ను ఎన్నడూ వదల్లేదు.

ఇప్పుడు ఆ సందులో మేడలు లేచాయి. అరుగులు పోయి బండ్లు నిలిపే చోట్లయ్యాయి. రేణిగుంటలో రైలువాళ్ల పాత ఇళ్లు ఎప్పుడో పడగొట్టారు. రాహేలమ్మ పోయి యాభై ఏళ్లు దాటింది. సందులో నడుస్తుంటే ఏ ఇంట్లోంచీ ఎవరూ తొడ తట్టి చదివే గొంతు వినపడదు. ఆ చీటీని అమ్మ రేకుపెట్టెలో పట్టుచీర మడతల్లో దాచింది. అమ్మ పోయాక తెరిచి చూస్తే చెదలు తిని మట్టి మిగిలింది.

తాత పద్యం పైన రాశాను, ఒక్క అక్షరం మారలేదని ప్రమాణం చేయగలను. చీటీ విషయంలో ఆ మాట అనలేను. వందసార్లు చదివిన చీటీ, మా ఇంటిని నిలబెట్టిన చీటీ, నాకు జ్ఞాపకం ఉన్నంతలో అతికి రాశాను. వచనానికి యతి లేదు, జారిపోతే ఎక్కడ జారిందో చెప్పడానికి. పోయిన వారం అలివేలు వచ్చినప్పుడు చదివి వినిపించాను. ఎనభై నాలుగేళ్ల ముసలిది, చెయ్యి చెవికి ఆనించుకుని విన్నది. విని తల అడ్డంగా ఊపింది.

"ఇంగోటి ఉండాదక్కా" అంది. "ఆమె పైకి అనుకుంటా రాసింది, నేను పడుకోని వింటా ఉన్న్యా. నా గురించి ఇంగో మాట రాసింది."

"ఏం మాట?" అన్నాను.

 కిటికీలోంచి కొండ వైపు చూసింది. "మంచి మాటేనక్కా" అంది. "గుర్తు రావడంలే."